ఎనిమిది మిల్లీమీటర్లు

నా పని చిన్నది.
పుస్తకానికి ఎడమవైపు పై మూలన
ఒక బెజ్జం.
ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టు, నెమ్మది వేగం,
కింద చెక్కముక్క, పైన నా అరచెయ్యి.
ఇరవై ఏడేళ్లుగా ఊమెయోలో
జీవశాస్త్రం డాక్టర్లందరికీ
ముందుగా చిల్లు పెట్టింది నేనే.

మేకు ఆ తర్వాత.
హాల్లో నిలబెట్టిన పైన్ దుంగకి
థీసిస్‌ని కొట్టి వేలాడదీయాలి,
పరీక్షకి మూడు వారాల ముందు,
దారిన పోయేవాడెవడైనా విప్పి చూసి
తప్పుంటే చెప్పొచ్చని.
ఎవడూ చెప్పడు. కాఫీ తాగి పోతారు.

నిబంధనల కాగితం నా షెడ్డు తలుపుకే ఉంది,
ఎవరంటించారో తెలీదు.
రెండువందల నలభై క్రెడిట్లు,
గణాంకాల కోర్సు, నీతి కోర్సు,
సగం దారిలో సెమినారు,
నాలుగు పేపర్లు, వాటి ముందు ఒక కప్పా.
కప్పా అంటే మా భాషలో పైకోటు.
నాలుగు ముక్కలూ ఒకే ఒంటివని
నమ్మించడానికి కప్పేది.

మంచు కరిగిన నీళ్లలో
నడుము లోతున ఎంతసేపు నిలబడాలో
ఆ కాగితంలో లేదు.

తూవ స్టెన్‌వాల్ మొదట వచ్చింది
పంజరాలు చేయించుకోవడానికి.
అరవై. అరచేతంత. స్టీలు జాలీ.
వీందెల్ నది అడుగున
ముత్యపు ఆల్చిప్పల పిల్లల్ని పెంచుతుందట.
"ముత్యాలుంటాయా?"
"వెయ్యింట ఒకదాన్లో. తీస్తే నేరం."

నేను జాలీ కత్తిరిస్తుంటే
వాటి బతుకు చెప్పింది:
తల్లి లక్షల్లో వదిలేస్తుంది నీళ్లలోకి.
ట్రౌట్ చేప మొప్పని కరుచుకున్నదే మిగులుతుంది.
చలికాలమంతా ఆ మొప్పకి వేలాడి
ఎండ మొహం చూశాక పట్టు వదిలి
గులకరాళ్లలోకి దిగిపోతుంది.
ఆ పైన వందేళ్లు. కొన్నయితే రెండొందలు.
"ఎన్ని క్రెడిట్లు?" అన్నాను.
నవ్వలేదు.
నా హాస్యం అంతే, మా ఆవిడా నవ్వదు.

మూడో ఏడు మే నెలలో
నది ఒక్క రాత్రిలో లేచింది.
అరవైలో దొరికినవి నాలుగు.
ఒకటి ఆల్డర్ కొమ్మల్లో, మనిషెత్తున,
ఖాళీగా, తలుపు తెరుచుకుని.
అది ఇప్పుడు నా బల్ల మీద,
పెన్సిళ్లు వేసుకుంటాను.
ప్రొఫెసర్ ఓమన్ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.
మూడోనాడు నా తలుపు దగ్గర నిలబడి
"ఇంకో అరవై," అన్నాడు.
డబ్బు ఏ ఖాతాదో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

నిన్న పుస్తకం తెచ్చింది.
నూట డెబ్బై పేజీలు, అట్ట మీద నీటి రంగు.
బిట్టు ఆనించబోతే ఆపింది.
పేజీలు తిప్పింది. మూడో పేపరు, రెండో గ్రాఫు,
చుక్కలన్నీ ఒక దారిన పోతూ పోతూ
ఒక ఏటి దగ్గర తెల్లగా ఆగిన చోటు.
అక్కడ వేలు పెట్టింది.
"ఇందులోంచి."

"మిగతా పేజీల్లో అక్షరాలు పోతాయి."
"పోనీ.
పరీక్ష చేసేవాళ్లకి మంచి కాపీలు వెళ్లాయి.
ఇది దుంగది."

చిల్లు పెట్టాను.
పిండి రాలింది. ఊదాను.
మేకు తనే కొట్టింది, మూడో దెబ్బకి వంగింది.
సరిచేయమంటుందేమోనని
సుత్తి అందుకోబోయాను,
అప్పటికే ఎవరో చప్పట్లు మొదలెట్టారు.

సాయంత్రం దీపాలు ఆర్పేవాడు వచ్చేలోగా
దారిన పోయేవాణ్ణి నేనే అయ్యాను.
చివరి పేజీ దాకా విప్పి చూశాను.
కృతజ్ఞతలు.
ఓమన్, బెర్గెన్ మిత్రులు, వాళ్లమ్మ, ఒక కుక్క,
ఆ తర్వాత,
"రెండుసార్లు అరవై పంజరాలు చేసిన —స్కిల్‌కి."

మొదటి అక్షరం నా చొక్కా చేతి మీద
ఇంకా కొంచెం ఉంది.
తప్పుంటే చెప్పొచ్చు.
చెప్పలేదు.